డాక్టర్ మరియా మాంటిసోరి: పసిపిల్లల బడికి ఒక యోగ్యతాపత్రం

ఈ శతాబ్ది సంచికలో మన పీఠాధిపతులను గురించీ, మిల్‌హిల్ గురువులను గురించీ, ఎండనక వాననక పల్లెలు తిరిగిన ఉపదేశులను గురించీ వ్రాసేవారు చాలామంది ఉంటారు. వారి ఋణం మనం తీర్చుకోలేనిది. నేను మాత్రం ఒక ఇటలీ దేశపు కథోలిక స్త్రీని గురించి వ్రాయబూనుకొన్నాను. అందుకు కారణం మా ఆత్మకూరు వైపు పల్లెలో అంగన్‌వాడీ నడిపే ఒక సోదరి అడిగిన ప్రశ్న.

ఆదివారం పూజ ముగిసి అందరూ గుడి మెట్లు దిగుతున్న వేళ ఆమె నన్ను ఆపింది. పదిహేనేళ్ళకు పైగా పసిబిడ్డల ముక్కులు తుడిచి, అన్నం పెట్టి, పాటలు నేర్పిన మనిషి. 2020 జాతీయ విద్యావిధానంలో అంగన్‌వాడీ టీచర్లకు శిశువిద్యలో సర్టిఫికెట్టు ఉండాలని వ్రాశారు. ఇంటరు గాని అంతకు పైన గాని చదివినవారికి ఆరు నెలల సర్టిఫికెట్టు కోర్సు, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా. ఆమె ఇంటరు చదివింది. ఈ వయసులో మళ్ళీ పుస్తకం పట్టాలా, బిడ్డలను సాకడానికి కూడా ఒక కాగితం కావాలా, అసలు ఈ కాగితం ఎవరు కనిపెట్టారు అని నన్ను అడిగింది. కొంత కోపంతోనే అడిగింది. ఆ పూట నా దగ్గర సమాధానం లేదు. ఈ వ్యాసం ఆమెకు నేను బాకీపడిన జవాబు.

పసిపిల్లలకు బడి పెట్టినవారు మాంటిసోరికి ముందు లేకపోలేదు. జర్మనీలో లూథరన్ పాదిరి కుమారుడైన ఫ్రోబెల్ 1837లోనే చిన్నపిల్లల బడి స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆ బడులకు ఉపాధ్యాయినులను తయారుచేసే పని కూడా ఆయన తలపెట్టాడు. అయితే శిశువిద్యలో శిక్షణ, దాని చివర ఒక పరీక్ష, ఒక పత్రం అనే పద్ధతిని మన గుమ్మం దాకా, అంటే మద్రాసు దాకా, స్వయంగా మోసుకొని వచ్చిన వ్యక్తి డాక్టర్ మరియా మాంటిసోరి. ఆమె వచ్చేనాటికి మన నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఒక భాగమే.

ఆమె 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీలో అంకోనా దగ్గర కియరవల్లె అనే ఊరిలో జన్మించారు. తండ్రి అలెస్సాంద్రో ప్రభుత్వోద్యోగి, పాతకాలపు మనిషి. తల్లి రెనిల్దే చదువంటే ప్రాణం పెట్టే ఇల్లాలు. 1875లో కుటుంబం రోము నగరానికి మారింది. ఆ రోజుల్లో ఆడపిల్ల పెద్దచదువు చదివితే ఉపాధ్యాయిని కావాలి. ఆ ఒక్కటి మాత్రం కానని పట్టుబట్టిన అమ్మాయి ఈమె. మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరి, మొదట ఇంజనీరు కావాలనుకొని, తర్వాత వైద్యం మీదికి మనసు మళ్ళించారు. తండ్రికి ఇష్టం లేదు. తల్లి అడ్డం నిలిచి చదివించింది.

వైద్యకళాశాలలో ఆమె పడిన కష్టం ఒక్కటి చెబితే చాలు. శవాన్ని కోసి చూసే పాఠానికి మగ విద్యార్థులతో కలిసి ఒక స్త్రీ నిలబడడం తగదన్నారు. అందరూ వెళ్ళిపోయిన తర్వాత, సాయంకాలాలు, శవాల గదిలో ఒంటరిగా ఆ పని నేర్చుకోవలసి వచ్చింది. 1896 జూలైలో వైద్యపట్టా పుచ్చుకొన్నారు. ఇటలీలో మొట్టమొదటి వైద్యురాలు ఆమేనని మన పుస్తకాల్లో తరచు వ్రాస్తారు. అది సరికాదు. ఆమెకు ముందు కొందరు స్త్రీలు ఆ పట్టా అందుకొన్నారు. ఉన్న గొప్పతనం చాలదన్నట్లు లేనిది అంటగట్టడం మన జీవితచరిత్రకారులకు ఒక అలవాటు.

పట్టా రాగానే ఆమె రోములోని మానసిక చికిత్సాలయంలో స్వచ్ఛందంగా పనిచేశారు. అక్కడ మందబుద్ధులని ముద్రవేసిన పిల్లలను పిచ్చివారితో కలిపి, పట్టుకోవడానికి ఒక ఆటవస్తువైనా లేని గదుల్లో ఉంచేవారు. ఈ పిల్లలకు కావలసింది మందు కన్నా చేతికి పని అని ఆమెకు తోచింది. ఇతార్, సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుల గ్రంథాలను చదివి, వారు చేయించిన వస్తువులను పోలిన పరికరాలు చేయించారు. 1900లో అటువంటి పిల్లల ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే సంస్థ ఒకటి రోములో మొదలైతే దానికి సహాధ్యక్షురాలయ్యారు. రెండవ అధ్యక్షుడు డాక్టర్ మోంతెసానో.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. 1898 మార్చి 31న ఆమెకు ఒక కుమారుడు కలిగాడు. పేరు మారియో. తండ్రి ఆ మోంతెసానో గారే. వారిద్దరికీ వివాహం జరగలేదు. 1901లో ఆయన మరొక స్త్రీని పెండ్లాడాడు. ఆమె ఆ సంస్థను విడిచి వచ్చేశారు. ఆనాటి సమాజంలో సంగతి బయటపడితే ఆమె వైద్యమూ ఉద్యోగమూ రెండూ పోయేవే. బిడ్డను రోముకు దూరంగా పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించారు. అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేవారు గాని, నేను నీ తల్లినని చెప్పేవారు కాదు. 1912 డిసెంబరులో ఆమె తల్లి మరణించారు. ఆ తర్వాతనే, పదిహేనేళ్ళ వయసులో, మారియో ఆమె వద్దకు వచ్చి చేరాడు. అప్పుడు కూడా లోకానికి మేనల్లుడనో పెంచుకొన్నవాడనో చెబుతూ వచ్చారు.

గుడి సంచికలో ఇది అవసరమా అని కొందరు పెద్దలు అనవచ్చు. అవసరమనే నా అభిప్రాయం. లోకంలోని పిల్లలందరినీ గమనించడానికి జీవితాన్ని ధారపోసిన స్త్రీ తన బిడ్డ మొదటి మాట, మొదటి అడుగు చూడలేకపోయింది. మా మెట్ట పల్లెల్లో కూలికోసం, వలసకోసం బిడ్డను ముసలితల్లి దగ్గర వదిలి వెళ్ళే స్త్రీలకు ఈ కథ నేను చెప్పి చూశాను. వారెవ్వరూ ఆమెను తప్పుపట్టలేదు.

1907 జనవరి 6, ముగ్గురు రాజుల పండుగనాడు, రోములోని సాన్ లొరెంజో పేటలో మొదటి బాలగృహం తెరిచారు. అది కూలిజనం ఉండే పేట. పాతబడ్డ పెద్ద భవనాలను ఒక సంఘం బాగుచేయించి పేదలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు తెల్లవారి పనికి పోతే బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీద పడి గోడలన్నీ పాడుచేసేవారు. గోడలకు మాటిమాటికీ సున్నం కొట్టించేకన్నా ఈ పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టి చూసుకొనే మనిషిని పెట్టడం చవక అని యజమానులు లెక్కవేశారు. శిశువిద్యా చరిత్రలో అంతటి గొప్పదినం గోడల సున్నం ఖర్చు లెక్కతో మొదలైంది! మూడేళ్ళు మొదలు ఆరేడేళ్ళ లోపు పిల్లలు యాభైమందికి పైగా చేరారు. వారిని కనిపెట్టుకొని ఉండడానికి దొరికింది ఆ భవనపు కావలివాని కూతురు. ఏ శిక్షణా లేని అమ్మాయి.

డాక్టరమ్మ ఆ అమ్మాయికి పాఠాలు చెప్పమనలేదు. వస్తువులను పిల్లలకు చూపించు, పక్కకు తప్పుకో, ఏం జరిగిందో నాకు చెప్పు అన్న రీతిలో నడిపించారు. అక్కడ జరిగినవి తర్వాత లోకమంతా చెప్పుకొన్నారు. మూడేళ్ళ పాప ఒకతె చెక్క దిమ్మలో గుండ్రని చెక్కముక్కలను ఎక్కడివక్కడ అమర్చుతూ, తీస్తూ, మళ్ళీ అమర్చుతూ నలభైసార్లకు పైగా చేసింది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించినా, ఆమె కూర్చున్న కుర్చీని ఎత్తి బల్లమీద పెట్టినా తల ఎత్తలేదు. ముగించాక నిద్రలేచినదానిలా తేటగా నవ్వింది. మరొకనాడు ముక్కు చీదుకోవడం ఎలాగో డాక్టరమ్మ మర్యాదగా చూపిస్తే పిల్లలందరూ చప్పట్లు కొట్టారట. ముక్కు కారుతోందని రోజూ తిట్లు తినే పిల్లలకు దాన్ని తుడుచుకొనే విద్యను గౌరవంగా నేర్పినవారు అంతవరకు లేరు.

అక్షరాలను గరుకు కాగితంతో కత్తిరించి అట్టలకు అంటించి, వాటిమీద పిల్లల చేత వేలు పోనిచ్చి, ఆ అక్షరపు ధ్వని పలికించేవారు. కొద్ది నెలల్లో నాలుగైదేళ్ళ పిల్లలు తమంతట తామే సుద్దముక్క పట్టి నేలమీద మాటలు వ్రాయసాగారు. మన పెద్దలకు ఇది వింతగా తోచదు. వీధిబడిలో ఇసుక పరిచి వేలితో అఆలు దిద్దించిన దేశం మనది. 1790ల ప్రాంతంలో మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర బడిని నడిపిన ఆండ్రూ బెల్ అనే ఆంగ్లికన్ పాదిరి మన పిల్లలు ఇసుకలో వ్రాయడం చూసి, ఆ పద్ధతిని ఇంగ్లండుకు పట్టుకుపోయాడు. మాంటిసోరికి ఆ ఆలోచన మన ఇసుక నుంచి రాలేదు, ఫ్రెంచి వైద్యుల నుంచి వచ్చింది. కాని వేలికి కూడా జ్ఞాపకం ఉంటుందన్న సంగతి ఇద్దరూ కనిపెట్టారు.

ఇప్పుడు మన సోదరి ప్రశ్నకు దగ్గరకు వచ్చాము. బాలగృహం సంగతి పాకిపోగానే ఎక్కడెక్కడివారో తామూ అటువంటిది పెడతామని రాసాగారు. 1909లో చిత్తా ది కాస్తెల్లో అనే పట్టణంలో సుమారు నూరుమంది ఉపాధ్యాయులకు ఆమె మొదటి శిక్షణ ఇచ్చారు. ఆ యేడే తన పద్ధతిని గ్రంథంగా వ్రాశారు. 1913లో రోములో మొదటి అంతర్జాతీయ శిక్షణ జరిగింది. పలు దేశాలవారు వచ్చారు. ఆ శిక్షణలో ఉపన్యాసాలు కొంత భాగం. మిగతాది వస్తువులను చేతపట్టి పదేపదే అభ్యసించడం, నోరు మెదపక ఒక మూల కూర్చొని గంటల తరబడి పిల్లలను గమనించి వ్రాసుకోవడం, ఒక్కొక్క పాఠాన్నీ బొమ్మలతో సహా తన చేతివ్రాతతో పుస్తకంగా తయారుచేయడం, చివర వ్రాతపరీక్ష, ముఖాముఖి పరీక్ష. నెగ్గినవారికి ఆమె సంతకంతో పత్రం. ఆ పత్రంతో పిల్లల తరగతి నడపవచ్చు. ఇతర ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే హక్కు మాత్రం దానివల్ల రాదు. ఆ హక్కును ఆమె తన చేతిలోనే ఉంచుకొన్నారు. ఈ విషయంలో చాలామంది శిష్యులతో చెడింది కూడా. పట్టు కొంత మితిమీరిందనే నాకనిపిస్తుంది. అయితే ఆ పేరు మీద చట్టపరమైన హక్కు ఎవరికీ లేనందువల్ల ఈనాడు ఏ ఊరిలోనైనా రెండు గదులు అద్దెకు తీసుకొని, గోడకు ఏనుగుబొమ్మ వేయించి, మాంటిసోరి అని బోర్డు కట్టేవారు ఉన్నారు. అది చూసినప్పుడు ఆమె భయం వట్టిది కాదనిపిస్తుంది. కూలివారి పేటలో పుట్టిన బడి పేరు ఫీజులు దండిగా కట్టగలవారి బడి పేరుగా మారిపోయింది.

అమెరికా, స్పెయిన్, ఇంగ్లండు, హాలండు దేశాల సంచారాన్ని గురించి ఎక్కువ చెప్పను. కాని బార్సిలోనాలో చేసిన ఒక పని మన విశ్వాసులు తెలుసుకోదగినది. 1915 తర్వాత అక్కడి పిల్లలకోసం ఆమె ఒక చిన్న ప్రార్థనాలయాన్ని పిల్లల ఎత్తుకు తగిన సామానుతో ఏర్పాటు చేయించారు. పిల్లలు తామే గోధుమలు విత్తి, ద్రాక్షతీగలు పెంచారు. ఆ పంటనుండి దివ్యబలిపూజకు అప్పమూ ద్రాక్షరసమూ తయారయ్యే దారిని కళ్ళారా చూశారు. జ్ఞానోపదేశాన్ని కంఠస్థం చేయించడమే తెలిసిన ఆ కాలంలో ఇది సాహసమే. ఈ దారినే 1954 నుండి రోములో సోఫియా కవల్లెట్టి అనే విదుషీమణి ముందుకు నడిపించారు.

ముస్సోలినీ మొదట ఆమె బడులను ఆదరించాడు. ఆమె కూడా ఆ ఆదరణను కొన్నేళ్ళు కాదనలేదు. అది ఆమె చరిత్రలో మరక. 1934 నాటికి తెగతెంపులై ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. జర్మనీలో హిట్లరు ప్రభుత్వమూ మూసివేసింది. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం రేగి బార్సిలోనా వదలవలసి వచ్చింది. హాలండులో తలదాచుకొన్నారు.

అటువంటి సమయంలో మద్రాసు నుండి పిలుపు వచ్చింది. పిలిచినవారు అడయారు దివ్యజ్ఞానసమాజం అధ్యక్షులు అరండేల్ గారు, ఆయన భార్య రుక్మిణీదేవి గారు. కథోలిక స్త్రీ దివ్యజ్ఞానసమాజం ఆతిథ్యం స్వీకరించడమేమిటని ఆక్షేపించినవారు ఉన్నారు. పిల్లలకోసం పిలిచిన ఇంటికల్లా ఆమె వెళ్ళారు. 1939 నవంబరులో, అరవైతొమ్మిదేళ్ళ వయసులో, మారియోతో కలిసి విమానంలో మద్రాసు చేరారు. అడయారులో మొదలైన శిక్షణకు దేశం నలుమూలల నుండి సుమారు మూడువందలమంది వచ్చారు. ఆమె ఇటాలియనులో చెబితే మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు.

కొద్ది నెలలుండి వెళ్ళాలనుకొన్నారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఇటలీవారంతా బ్రిటిషు ప్రభుత్వానికి శత్రుదేశీయులయ్యారు. మారియోను అహమద్‌నగర్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఆమెను అడయారు దాటిపోకుండా ఉంచారు. నలభైయేళ్ళు దాచిపెట్టిన బిడ్డ మళ్ళీ దూరమయ్యాడు. ఆ ఆగస్టు 31న ఆమెకు డెబ్భై నిండాయి. పుట్టినరోజు కానుకగా ఏమివ్వాలా అని ఆలోచించి ఆమె కుమారుని విడుదల చేస్తున్నామని వైస్రాయి నుండి తంతి వచ్చింది. మేనల్లుడు, పెంపుడు కొడుకు అని లోకం అనుకొన్నవానిని సర్కారు కాగితం కుమారుడని పిలిచింది. మన దేశంలో ఆమె అందుకొన్న పత్రం అదొక్కటే అనుకొంటాను.

తర్వాత కొడైకెనాల్ కొండమీద, అహమదాబాదులో, కరాచీలో, కొలంబోలో శిక్షణలు సాగాయి. 1946లో ఐరోపాకు వెళ్ళి, 1947లో మళ్ళీ వచ్చి, 1949 వరకు రాకపోకలు సాగించారు. ఈ దేశంలో ఆమె వద్ద శిక్షణ పొందినవారు వెయ్యిమందికి పైనే. పుట్టింది మొదలు మూడేళ్ళలోపు శిశువు మనస్సును గురించి ఆమె ఎక్కువగా ఆలోచించింది ఇక్కడే. ఆ ఉపన్యాసాలు 1949లో అడయారులోనే గ్రంథంగా అచ్చయ్యాయి. తల్లి చంకనెక్కి పొలానికీ సంతకూ తిరిగే బిడ్డ, అన్నీ చూస్తూ, అందరి మాటలూ వింటూ, ఎవరూ నేర్పకుండానే భాషనంతా పీల్చుకొంటుందని ఆమె వివరించారు. అటువంటి తల్లులూ బిడ్డలూ ఉదయగిరి కొండ కింది సంతలో ఏనాడైనా కనబడేవారే.

గాంధీగారు 1931లో లండనులో ఆమెను కలిసినప్పుడు ఈ చదువు కలవారి బిడ్డలకే గాక నిరుపేద బిడ్డలకు కూడా అందాలని కోరారు. ఆ కోరిక ఆమె బ్రతికుండగా ఇక్కడ పెద్దగా నెరవేరలేదు. వస్తువులు ఖరీదు, శిక్షణ నగరాలలో, పాఠాలు ఇంగ్లీషులో. 1975 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలో 33 బ్లాకుల్లో మొదలై, అంగన్‌వాడీ అనే మాట మన పల్లెలకు వచ్చింది. ఊరిలోని స్త్రీయే ఆ ఊరి బిడ్డలను చూసుకోవడం అక్కడి నియమం. సాన్ లొరెంజోలో కూడా ఉపాధ్యాయిని ఆ భవనంలోనే కాపురముండాలని నియమం పెట్టారు.

మా మెట్టలో చదువుల చరిత్ర కొత్తది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషను వారు పందొమ్మిదవ శతాబ్దం చివర ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ స్థావరాలు ఏర్పరచుకొని బడులు నడిపారు. మన కథోలికుల పని తర్వాత వచ్చింది. వారిది పెద్దపిల్లల చదువు, అక్షరమూ వాక్యమూ నేర్చే చదువు. మూడేళ్ళ బిడ్డ కూడా చదువుకొంటున్నాడని, ఆ బిడ్డ చదువును చూడగలగడానికి పెద్దవారు చదవాలని ఆ రోజుల్లో ఎవరికి తోచింది?

నేను ఈ సంగతులన్నీ ఆ సోదరికి రెండు మూడు ఆదివారాలు కొద్దికొద్దిగా చెప్పాను. సాన్ లొరెంజో సంగతి విని ఆమె ఒక మంచి ప్రశ్నే వేసింది. మొదటి టీచరు కావలివాని కూతురే గదా, ఆమెకు ఏ సర్టిఫికెట్టు ఉంది అని. నిజమే. ఆమెకు పత్రం లేదు గాని, ఏం చూశావో చెప్పమని అడిగే డాక్టరమ్మ ఉన్నది. మన టీచర్లను ఇన్నేళ్ళుగా అడిగినవారు గుడ్లెన్ని, పాలెన్ని, బరువెంత అని అడిగారు. బిడ్డ ఈవేళ ఏం చేసింది అని అడిగినవారు అరుదు. ఆ మాట అనగానే ఆమె కాసేపు మాట్లాడలేదు.

డాక్టర్ మాంటిసోరి 1952 మే 6న హాలండులోని నోర్డ్‌వైక్‌లో మరణించారు. ఆఫ్రికాకు వెళ్ళి శిక్షణ ఇవ్వాలని అనుకొంటున్న రోజులవి. అక్కడి కథోలిక శ్మశానవాటికలోనే సమాధి చేశారు. వీలునామాలో మారియోను నా కుమారుడని వ్రాసి పోయారు. తల్లి పనిని మారియో 1982లో తాను మరణించేవరకు నడిపాడు.

మన సోదరి కోర్సుకు పేరిచ్చింది. గుండ్రని చెక్కముక్కల పెట్టెకు బదులు ఇంట్లో పాతబడ్డ తవ్వ, సోల, అరసోల, గిద్ద తీసి తోమి, కేంద్రంలో వరుసగా పెట్టింది. ఉదయగిరి పనివారు చెక్కిన చెక్క చెంచాలు నాలుగు కొన్నది. పాఠాల పుస్తకం కూడా మొదలుపెట్టింది. నాకు చూపించిన మొదటి పేజీలో ఒక గిన్నెలోని శనగలను చెక్క చెంచాతో మరొక గిన్నెలోకి మార్చే పని బొమ్మ వేసి ఉంది. దాని కింద, ఒక పాప అలా ఎన్నిసార్లు చేసిందో తేదీవేసి వ్రాసుకొన్నది: పదకొండు.